కొనేముందు బయటికి దారి చూడండి

2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ఆపేసింది. ఆ మర్నాడు పొద్దున ఏ ల్యాప్‌టాపూ పాడైపోలేదు. కీబోర్డు బాగానే ఉంది, తెర బాగానే ఉంది, ముందురోజు రాత్రి దాచుకున్న ఎక్సెల్ ఫైలు మామూలుగానే తెరుచుకుంది. కాకపోతే కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు ఇక మరమ్మతులు రావు. ప్రత్యేకంగా నమోదు చేసుకున్నవాళ్లకు ఇంకో ఏడాది, 2026 అక్టోబరు 13 దాకా, వాయిదా ఇచ్చారు. ఆ తర్వాత విండోస్ 11కి మారమన్నారు. మారదామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే కాస్త అటూ ఇటూగా ఎనిమిదో తరం నుంచి పైది ఉండాలి. 2017కి ముందు కొన్న యంత్రాల్లో చాలావాటికి ఆ యోగం లేదు.

అప్పటినుంచి షాపుల్లో ఒకటే మాట. "ఓల్డ్ మోడల్ సార్ ఇది, ఎక్స్ఛేంజ్‌లో పెట్టేసి కొత్తది తీసుకోండి." షాపతన్ని అనుకుని లాభం లేదు, అమ్మడం ఆయన పని. పైసా పైసా కూడబెట్టి కొన్న వస్తువు ఎక్కడా చెడకుండానే, ఎవరో గీసుకున్న క్యాలెండర్ ప్రకారం పాతదైపోతుంటే ఏం చెయ్యాలో తెలుసుకోవడం మన పని. ఈ అధ్యాయం దాని గురించే.

ఓపెన్‌సోర్స్ అనగానే మనవాళ్లకు ముందు తట్టేది డబ్బులు కట్టక్కర్లేదన్న సంగతి. మంచిదే, కాదనను. కానీ చాలాకాలంగా ఈ సాఫ్ట్‌వేర్లతో, ఈ డబ్బాలతో కాలక్షేపం చేస్తున్నవాడిగా నాకది చిన్న లాభంగానే కనిపిస్తుంది. తయారుచేసినవాళ్లు చెయ్యి వదిలేసినా ఆ పనిని ఇంకొకరు అందుకోవచ్చు, పెద్ద లాభం అక్కడుంది. ప్రోగ్రామ్ ఎలా రాశారో అందరికీ కనిపిస్తుంది. దాన్ని చదవడానికీ, మార్చడానికీ, మార్చినదాన్ని పదిమందికి పంచడానికీ లైసెన్సు ఒప్పుకుంటుంది. మూసిపెట్టిన సాఫ్ట్‌వేరు కొనడమంటే, తాళంచెవి అమ్మినవాడి దగ్గరే ఉండిపోయిన బీరువా కొనడం. ఆయన ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఇబ్బందేమీ తెలియదు.

అందుకని నా సలహా ఒక్కటే, మిగతాదంతా దాని వివరం. ఏ గ్యాడ్జెట్ కొన్నా, ఏ యాప్‌లో మీ సంగతులు దాచుకున్నా, లోపలికి అడుగుపెట్టేముందే బయటికొచ్చే దారి ఎక్కడుందో చూసుకోండి.

ఓపెన్‌సోర్స్ మనకు కొత్త అనుకునేవాళ్లు ఎక్కువ. కొత్తేమీ కాదు. పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్‌లో తెచ్చిస్తారు, ఏ ప్లేయర్లోనూ ఆడదు, చివరికి నారింజరంగు ట్రాఫిక్ కోన్ బొమ్మ ఉన్న వీఎల్‌సీలో వేస్తే ఆడుతుంది. ఎకోల్ సెంట్రాల్ పారిస్ విద్యార్థులు 1996లో మొదలుపెట్టిన కాలేజీ ప్రాజెక్టు అది. 2001లో జీపీఎల్ లైసెన్సు కింద బయటపెట్టారు. ఇవాళ్టికీ దాంట్లో ఒక్క ప్రకటన రాదు. మీ ఆండ్రాయిడ్ ఫోను అడుగున నడిచే లైనక్స్ కెర్నల్ 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టినది. కేరళలో ప్రభుత్వ బడిపిల్లలు ఏళ్ల తరబడి లైనక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. మన రెండు రాష్ట్రాల్లో అలాంటి ప్రయత్నం ఆ స్థాయిలో జరగలేదన్న అసంతృప్తి నాకుంది, అది వేరే కథ.

లైసెన్సు గురించి చెప్పేటప్పుడు నేనెప్పుడూ ఒక రౌటర్ కథ చెబుతాను. 2002 చివర్లో లింక్‌సిస్ కంపెనీ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే వైఫై రౌటర్ అమ్మకానికి తెచ్చింది. నీలం, నలుపు రంగుల డబ్బా, వెనక రెండు యాంటెన్నాలు. దాన్ని కొన్న ఔత్సాహికులు కొందరు లోపల కెలికి చూస్తే, నడుస్తున్నది లైనక్స్ అని తేలింది. లైనక్స్‌కున్న జీపీఎల్ లైసెన్సులో ఒక షరతు ఉంది. దీన్ని వాడి వస్తువు అమ్ముకోండి, అభ్యంతరం లేదు, కానీ అడిగినవాళ్లకు ఆ సోర్స్ కోడ్ ఇవ్వాలి. అడిగారు. ఒత్తిడి పెరిగింది. 2003లో కంపెనీ కోడ్ బయటపెట్టక తప్పలేదు. దాన్ని పట్టుకుని 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ప్రాజెక్టు పుట్టింది. ఇవాళ అది ఎన్నో కంపెనీల వందల రకాల రౌటర్ల మీద నడుస్తుంది. కంపెనీ ఎప్పుడో మర్చిపోయిన డబ్బాలకు కూడా కొత్త భద్రతా మరమ్మతులు అందుతున్నాయి.

ఈ కథలో ఎవరి దయాధర్మమూ లేదు. ఒక షరతు రాసిపెట్టుకున్నారు, ఆ షరతు పనిచేసింది. సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛ గురించి సభల్లో విన్న ఉపన్యాసాలకంటే నాకు దీనిమీదే ఎక్కువ గురి.

కొత్త రౌటర్ కొనేవాళ్లకు ఇందులో పనికొచ్చే ముక్క ఉంది. షాపుకి వెళ్లేముందు ఆ మోడల్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వాళ్ల పరికరాల పట్టికలో ఉందో లేదో చూడండి. మోడల్ నంబరు కలిస్తే చాలదు. ఒకే పేరుతో అమ్మే రౌటర్‌లో వెర్షన్ 2కీ వెర్షన్ 3కీ లోపలి చిప్పు పూర్తిగా వేరే ఉండొచ్చు. డబ్బా తిరగేస్తే సీరియల్ నంబరు పక్కన చిన్న అక్షరాల్లో ఆ వెర్షన్ ఉంటుంది, ఫోన్ కెమెరాతో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదవాల్సినంత చిన్నగా. 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ ఉన్నవాటిని ముట్టుకోకండి, కొత్త వెర్షన్లు వాటిలో పట్టవు. 16 ఎంబీ, 128 ఎంబీ ఉంటే కొన్నేళ్లు నిశ్చింత. ఫైబర్ కనెక్షన్‌తో ఇచ్చే డబ్బాని మాత్రం మార్చనివ్వరు సాధారణంగా. దాని వెనకాల మీ రౌటర్ తగిలించుకోవడమే మార్గం.

ఇక పాత ల్యాప్‌టాప్ సంగతి. దీనిమీద కాస్త ఎక్కువసేపు కూర్చుందాం, ఎందుకంటే ఇంటింటికీ ఒకటుంది.

మా కాలనీలో రిటైరైన లెక్కల మాష్టారు ఒకాయన తన ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చారు. "పారెయ్యమంటున్నారయ్యా షాపువాళ్లు. పారేసేంత పాపం ఏం చేసింది ఇది?" అన్నారు. ఐదో తరం ఐ3, నాలుగు జీబీ ర్యామ్, గిర్రున తిరిగే పాతకాలపు హార్డ్ డిస్క్.

"దీంతో ఏమేం చేస్తారు మాష్టారూ?"

"ఏముంది, ఘంటసాల పాటలు వింటాను, మనవరాలితో వీడియోలో మాట్లాడతాను, పెన్షనర్ల సంఘం ఉత్తరాలు టైపు చేస్తాను."

ఏ కంప్యూటర్ గురించైనా మొదట అడగాల్సింది ఈ ప్రశ్నే. ప్రాసెసర్ ఏ తరం, ర్యామ్ ఎంత అన్నవి తర్వాత. మాష్టారి పట్టికలో విండోస్ ఉండితీరాల్సిన పని ఒక్కటీ లేదు.

ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకోండి. అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ముందే ఖాళీ చేసుకోండి. లైనక్స్ మింట్ వాళ్ల సొంత సైట్ నుంచి ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ దింపుకోండి, దాదాపు మూడు జీబీ ఉంటుంది. పాత యంత్రాలకు అదే తేలిక. రూఫస్, బలేనా ఎచర్ లాంటి ప్రోగ్రామ్‌తో దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. ల్యాప్‌టాప్ ఆపి, పెన్‌డ్రైవ్ పెట్టి, ఆన్ చేస్తూనే డెల్, లెనోవో అయితే ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9, ఏసుస్ అయితే ఎస్కేప్ నొక్కుతూ ఉండండి. ఏ డ్రైవ్ నుంచి మొదలవ్వాలో అడుగుతుంది, పెన్‌డ్రైవ్ చూపించండి. ఒకటి రెండు నిమిషాల్లో డెస్క్‌టాప్ వచ్చేస్తుంది.

ఇక్కడ చాలామందికి తెలియనిది ఏమిటంటే, ఇప్పటిదాకా మీ హార్డ్ డిస్క్‌లో ఏమీ మారలేదు. మొత్తం వ్యవస్థ పెన్‌డ్రైవ్ మీదా ర్యామ్ మీదా నడుస్తోంది. మాష్టారు కూడా మౌస్ కదిపి, మెనూ తెరిచి, "ఏదీ చెరిగిపోలేదు కదా?" అని రెండుసార్లు అడిగారు. పెన్‌డ్రైవ్ పీకేసి మళ్లీ ఆన్ చేసి చూపిస్తే, విండోస్ ఎప్పట్లాగే వచ్చింది. అప్పుడుగానీ కుర్చీలో వెనక్కి వాలలేదాయన.

ఈ పరీక్షలో తొందరపడకండి. వైఫై పట్టుకుంటోందా, శబ్దం వస్తోందా, కెమెరా పనిచేస్తోందా, వెలుతురు తగ్గించే మీటలు పనిచేస్తున్నాయా చూడండి. మూత వేసి, ఐదు నిమిషాలాగి తెరవండి. నిద్రలోంచి లేవని ల్యాప్‌టాప్‌లు కొన్నుంటాయి, ఆ సంగతి ఇప్పుడే తెలియాలి. వైఫై కనిపించకపోతే నిరాశపడక్కర్లేదు. ఫోనుని కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే ఇంటర్నెట్ వచ్చేస్తుంది. ఇన్‌స్టాల్ అయ్యాక డ్రైవర్ మేనేజర్ తెరిస్తే చాలాసార్లు కావలసిన డ్రైవర్‌ని అదే వెతికి పెడుతుంది.

అన్నీ కుదిరితే నేను చెప్పే పద్ధతి వేరు. ఉన్న డిస్క్ చెరపొద్దు, దాన్ని రెండు ముక్కలు చేసి రెండు సిస్టమ్‌లూ పక్కపక్కన పెట్టొద్దు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ కాంప్లెక్స్‌కో, మీ ఊళ్లో కంప్యూటర్ సామాన్లమ్మే షాపుకో వెళ్లి 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి కొనండి. అడుగున నాలుగైదు మరలు తీస్తే పాత డిస్క్ బయటికొస్తుంది. దాన్ని అలాగే ఒక కవర్లో పెట్టి, పైన తేదీ రాసి, బీరువాలో పడెయ్యండి. కొత్త ఎస్‌ఎస్‌డీ మీద లైనక్స్ ఎక్కించండి. నచ్చకపోతే పాత డిస్క్ మళ్లీ బిగించుకుంటే ఏ మార్పూ లేకుండా పాత విండోస్ వస్తుంది. ఒకటే జాగ్రత్త, ఆ డిస్క్‌కి విండోస్ వాళ్ల బిట్‌లాకర్ తాళం వేసి ఉంటే దాని రికవరీ కీ ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. అన్నట్టు, మనుషులు "లైనక్స్ వేశాక ఎంత వేగమో" అని మురిసిపోతారు గానీ, ఆ వేగంలో సగానికి పైగా పుణ్యం ఎస్‌ఎస్‌డీదే. ఓపెన్‌సోర్స్ అభిమానులకు ఈ మాట నచ్చదు.

విండోస్ వదలకూడని వాళ్లూ ఉన్నారు. ట్యాలీ మీద లెక్కలు రాసే అకౌంటెంటుకి లైనక్స్ అంటగట్టకండి. డిజిటల్ సంతకం డాంగిల్ పెట్టి రిటర్నులు దాఖలు చేసేవాళ్లు, ఒక ప్రత్యేకమైన డ్రైవర్ ఉంటేగానీ కదలని పాత లేజర్ ప్రింటర్ మీద బతికే జిరాక్స్ షాపులు, డీటీపీ చేసేవాళ్లు ఇలాంటి ప్రయోగాలు జీవనాధారమైన యంత్రం మీద చెయ్యకూడదు. అంతకంటే ముఖ్యం, ఇంట్లోవాళ్లు. ఈ పిచ్చి పట్టినవాళ్లకు మొదటి ఆరు నెలలూ ఒక లక్షణం కనిపిస్తుంది. అత్తగారి ఫోను, బావమరిది ల్యాప్‌టాప్, ఎదురింటి పిల్లల ట్యాబ్, ఏది కనిపిస్తే అది మార్చేద్దామనుకుంటారు. మార్చిన ప్రతి యంత్రానికీ జీవితాంతం మీరే మెకానిక్కు. పండక్కి వెళ్లినప్పుడు భోజనానికి ముందు ప్రింటర్ చూడాల్సి వస్తుంది. వాళ్లుగా అడిగితేనే చెయ్యండి, అడిగినా పెన్‌డ్రైవ్ మీద వారం రోజులు నడిపించి చూశాకే చెయ్యండి.

యంత్రం సంగతి అలా ఉంచి లోపల దాచుకున్న వాటికి వద్దాం. బయటికి దారి లేకపోతే ఏమవుతుందో తెలుగు రాసేవాళ్లకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. యూనికోడ్ వాడుకలోకి రాకముందు డీటీపీ కేంద్రాల్లో టైపు చేసిన పుస్తకాల ఫైళ్లు ఎవరి దగ్గరైనా ఉంటే తెరిచి చూడండి. ఆ పాత ఫాంటు లేని కంప్యూటర్లో పేజీ నిండా ఇంగ్లిష్ అక్షరాలూ, కామాలూ, డాలర్ గుర్తులూ కనిపిస్తాయి. ఫైలులో తెలుగన్నది ఎప్పుడూ లేదు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టి చూపించింది ఆ ఫాంటు. ఫాంటు పోయింది, పుస్తకం పోయింది. యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచీ చోటుంది. అయినా అది జనం చేతికి రావడానికి, తెలుగు టైపు చెయ్యడం ఈమెయిల్ పంపినంత మామూలవడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

ఆ దూరం తగ్గించినవాళ్లలో జీతం లేకుండా పనిచేసినవాళ్లు చాలామంది. పోతన, వేమన ఫాంట్లు తయారుచేసి ఊరికే పంచారు. లేఖినిలో ఇంగ్లిష్ అక్షరాలు కొడితే పక్కన తెలుగు పడుతుంటే బ్లాగులు రాయడం మొదలుపెట్టిన తరం ఒకటుంది. హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ లైనక్స్‌ని తెలుగులోకి తెచ్చింది. మండలి, రామభద్ర, గిడుగు, సూరన్న లాంటి ఫాంట్లు ఓపెన్ లైసెన్సు కింద ఇవాళ ఎవరైనా దింపుకుని పుస్తకానికీ పెళ్లిశుభలేఖకీ వాడుకోవచ్చు. లైనక్స్‌లో ఎం17ఎన్ అనే కీబోర్డుల పొది ఒకటి వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, ఆర్‌టీఎస్ అన్నీ వస్తాయి, మీ వేళ్లకు ఏది అలవాటైతే అది. అచ్చు పుస్తకం పేజీల్ని ఫొటో తీసి అక్షరాలుగా మార్చే టెస్సరాక్ట్ 1980లలో హెచ్‌పీ ప్రయోగశాలలో పుట్టి, 2005లో ఓపెన్‌సోర్స్ అయింది. అది తెలుగు చదువుతుంది. వత్తుల దగ్గర తడబడుతుంది గానీ, మొత్తం మళ్లీ టైపు చెయ్యడం కంటే తప్పులు దిద్దుకోవడం ఎంతో నయం.

దీన్నుంచి తీసుకోవాల్సిన అలవాటు ఒకటుంది. ఏడాదికోసారి, ఉగాదికి ఇల్లు దులిపేటప్పుడనుకోండి, మీరు వాడే ప్రతి ముఖ్యమైన యాప్‌లోనూ ఎక్స్‌పోర్ట్ మీట వెతికి నొక్కండి. ఫోన్ నంబర్లు వీకార్డ్ ఫైలుగా వస్తున్నాయా? నోట్స్ మామూలు అక్షరాల ఫైళ్లుగా వస్తున్నాయా? పాస్‌వర్డులు బిట్‌వార్డెన్, కీపాస్‌ఎక్స్‌సీ లాంటి ఓపెన్‌సోర్స్ వాటిలోకి తెచ్చుకోగలుగుతున్నారా? ఫొటోలు వాటి తేదీలతో సహా దిగుతున్నాయా? నొక్కి ఊరుకోకండి, వచ్చిన ఫైలుని వేరే ప్రోగ్రామ్‌లో తెరిచి చూడండి. ఎక్స్‌పోర్ట్ మీట కనిపించని యాప్‌లో కొత్తగా ఏమీ రాయకండి. ఈ పనికి యాప్ ఓపెన్‌సోర్స్ అయి తీరాలని కూడా నేను పట్టుపట్టను. దారి ఉంటే చాలు. ఓపెన్‌సోర్స్‌లో ఆ దారిని మూసేవాళ్లు తక్కువ, మూసినా ఇంకొకరు తెరుస్తారు, అంతే తేడా.

స్మార్ట్ వస్తువుల దగ్గర ఈ పరీక్ష ఇంకా తేలిక. బల్బో ప్లగ్గో కొనేముందు ఒకటే అడగండి: "ఇంటర్నెట్ పోతే ఇది ఫోన్లోంచి పనిచేస్తుందా?" షాపతను తెల్లమొహం వేస్తే, ఆ వస్తువు మీ హాల్లోంచి ఎక్కడో ఉన్న సర్వర్‌కి వెళ్లి, అక్కణ్ణుంచి మళ్లీ మీ హాల్లోకి వచ్చి లైటు వేస్తోందని అర్థం. ఆ సర్వర్‌కి ఎవరో నెలనెలా ఖర్చుపెట్టాలి, ఏదో ఒకరోజు మానేస్తారు. మన ఇంట్లోనే, ఒక పాత ల్యాప్‌టాప్ మీదో రాస్ప్‌బెర్రీ పై మీదో నడిచే హోమ్ అసిస్టెంట్ 2013లో మొదలైన ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టు. దానికి సర్వర్ మీ అటక మీదే ఉంటుంది. చేత్తో చేసుకునే సరదా ఉంటే, కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్తే ఈఎస్‌పీ32 బోర్డులు దొరుకుతాయి, ఈఎస్‌పీహోమ్ ఎక్కించుకుని ట్యాంకులో నీటిమట్టం చెప్పే పరికరం చేసుకోవచ్చు. 230 వోల్టుల తీగ దగ్గరికి మాత్రం ఎలక్ట్రీషియన్ని పిలవండి.

కరెంటు కోతల ఊళ్లవాళ్లకు ఒక మాట. స్మార్ట్ ప్లగ్ పెట్టగానే దాని సెట్టింగుల్లో, కరెంటు పోయి వచ్చాక ఆన్‌లో ఉండాలా ఆఫ్‌లో ఉండాలా అన్నది వెతికి చూడండి. గీజర్‌కీ మోటారుకీ ఆఫ్ పెట్టండి. ఊరెళ్లినప్పుడు కరెంటు వచ్చి గీజర్ దానంతటదే వెలిగిందనుకోండి, ఏ ఓపెన్‌సోర్సూ కాపాడదు.

ఫోన్ల విషయంలో నా ఉత్సాహం కాస్త తగ్గింది. ఆండ్రాయిడ్‌నే మార్చి చేసిన సైనోజెన్‌మాడ్ 2016 చివర్లో మూతపడితే దాని కోడ్ తీసుకుని లీనేజ్‌ఓఎస్ లేచి నిలబడింది. పైన చెప్పిన బయటికి దారికి అంతకంటే మంచి సాక్ష్యం ఉండదు. కానీ బూట్‌లోడర్ తెరవనివ్వని ఫోన్లు పెరిగాయి. తెరిచి లీనేజ్ వేసినా బ్యాంకు యాప్‌లూ యూపీఐ యాప్‌లూ కొన్ని మొరాయిస్తాయి. కూరగాయల బండి దగ్గర డబ్బులివ్వలేని ఫోను మన దేశంలో ముఖ్యమైన ఫోనుగా పనికిరాదు. అంచేత జేబులో ఉండే ఫోనుకి ఎన్నేళ్లు భద్రతా అప్‌డేట్లిస్తామన్నారో చూసి కొనండి. 2023లో పిక్సెల్ 8తో గూగుల్, 2024లో ఎస్24తో శామ్‌సంగ్ ఏడేళ్లు ఇస్తామన్నాయి. సొరుగులో పడున్న పాత ఫోను మీద లీనేజ్ ప్రయోగాలు చేసుకోండి.

ఇక, ఊరికే వస్తున్న ఈ సాఫ్ట్‌వేర్ని ఎవరు చేస్తున్నారన్న సంగతి. 2024 మార్చి చివర్లో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన సిస్టమ్‌లో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. అర సెకనే. మనమైతే పట్టించుకోం. ఆయన తవ్వుకుంటూ పోతే, ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లను కుదించే చిన్న ప్రోగ్రామ్‌లో దొంగదారి ఒకటి బయటపడింది. ఆ ప్రోగ్రామ్‌ని చాలా ఏళ్లుగా ఒక మనిషి తీరిక వేళల్లో ఒంటరిగా చూసుకుంటున్నాడు. జియా టాన్ అనే పేరుతో ఎవరో వచ్చి, రెండేళ్లకు పైగా ఓపిగ్గా సాయం చేసి, నమ్మకం సంపాదించి, మెల్లగా పెత్తనం చేతిలోకి తెచ్చుకుని ఆ దారి పెట్టారు. ప్రపంచంలో లెక్కలేనన్ని సర్వర్లలోకి చేరబోయే ముందు దొరికిపోయింది.

కోడ్ తెరిచి ఉంది కాబట్టే ఫ్రాయిండ్ పట్టుకోగలిగాడంటారు అభిమానులు. కోడ్ తెరిచి ఉన్నా అంతకుముందు ఎవరూ చదవలేదంటారు విమర్శకులు. రెండూ నిజమే. నన్ను కలవరపెట్టింది వేరే విషయం. అలసిపోయిన ఆ ఒక్క మనిషికి తోడు వచ్చింది దొంగ ఒక్కడే. కొంతలో కొంత నయం, వ్యాపార సంస్థలు కొన్ని కదులుతున్నాయి. బెంగళూరులోని జెరోధా 2024లో ఏడాదికి పది లక్షల డాలర్లతో ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టుల కోసం ఒక నిధి ప్రకటించింది.

మన స్థాయికి చెయ్యగలిగింది డబ్బు కంటే ముందు ఫిర్యాదు. సరిగ్గా రాసిన ఫిర్యాదు. "తెలుగు సరిగా రావట్లేదు, చూడండి" అని రాస్తే ఎవరూ ఏమీ చెయ్యలేరు. లిబ్రెఆఫీస్‌లో పీడీఎఫ్ చేసినప్పుడు 'లక్ష్మి'లో వత్తు విడిపోతోందనుకోండి. ప్రోగ్రామ్ వెర్షన్ ఎంత, ఏ సిస్టమ్, ఏ ఫాంటు, ఎక్కడ ఏం నొక్కారు, రావలసింది ఏమిటి, వచ్చింది ఏమిటి, ప్రతిసారీ వస్తోందా అన్నవి రాయండి. ఆ ఒక్క మాటే ఉన్న చిన్న ఫైలు తగిలించండి, రెండువందల పేజీల నవల పంపొద్దు. తెరమీద కనిపించిన తీరు, రావలసిన తీరు రెండూ బొమ్మలుగా పెట్టండి. జర్మనీలోనో జపాన్‌లోనో కూర్చున్న ప్రోగ్రామర్‌కి ఆ వత్తు తప్పని చూస్తే తెలియదు, ఆ పని మనమే చెయ్యాలి. అక్షరాలను పేర్చే హార్ఫ్‌బజ్ అనే ఇంజను లిబ్రెఆఫీస్‌లోనే కాదు, ఫైర్‌ఫాక్స్‌లో, క్రోమ్‌లో, ఆండ్రాయిడ్‌లో కూడా ఉంది. లోపం దాంట్లోదైతే ఒకచోట సరిచేసిన వత్తు అన్నిచోట్లా సరవుతుంది.

ప్రోగ్రామింగ్ రాకపోయినా చెయ్యగలిగే పని ఇంకోటి అనువాదం. లిబ్రెఆఫీస్, ఎఫ్-డ్రాయిడ్ లాంటివి తమ మెనూల మాటల్ని వెబ్‌లేట్ అనే చోట వరసలుగా పెడతాయి. ఒక పక్క ఇంగ్లిష్, పక్కన ఖాళీ గడి. మీరు రోజూ వాడే యాప్‌నే ఎంచుకోండి, ఏ మీట ఏం చేస్తుందో తెలియకుండా మాట పెట్టలేం. ముందు పదిహేను ఇరవై గడులు నింపి ఆగండి. మీకంటే ముందు పనిచేసినవాళ్లు 'ఫైలు' అన్నారా 'దస్త్రం' అన్నారా చూసి, దానికే కట్టుబడండి, పోట్లాట తర్వాత పెట్టుకోవచ్చు. మీ మాటల్ని సరిచూసేవాళ్లెవరో ఆ పేజీలోనే ఉంటుంది. తెలుగుకి ఆ చోట పేరేదీ లేదంటే, ఆ ఉద్యోగం కూడా ఖాళీయే.